టంకశాల తప్పు, కంటి తప్పు

పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, చిట్కుల్. ముంబై రహదారి చుట్టూ అల్లుకున్న ఈ పారిశ్రామిక ప్రాంతంలో రేకును పంచ్ చేసి బిళ్లలు తీయడం, వాటిని డైల మధ్య పెట్టి ఒత్తడం చాలామందికి రోజువారీ పని. షిఫ్టు దిగి వస్తున్న ప్రెస్ ఆపరేటర్ చేతిలో ఒక పక్క నెలవంకలాగా కోసుకుపోయిన రూపాయి పెట్టి చూడండి. "రేకు ముందుకు జరగలే, పాత బొక్క మీదనే పంచ్ మళ్ల పడ్డది" అని చెప్పేస్తాడు. నాణేల శాస్త్రం అతను చదవలేదు. వస్తువు ఎలా తయారవుతుందో తెలుసు కాబట్టి, అది ఎక్కడ చెడిందో కూడా తెలుసు.

కొత్తగా నాణేలు పోగుచేయడం మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. ముందు విడ్డూరం కనిపిస్తుంది, వెంటనే ధర గుర్తొస్తుంది, అది ఎలా జరిగి ఉంటుందన్న ప్రశ్న చివరికి కూడా రాదు. నిజమైన 'ఎర్రర్ కాయిన్' ఏదో, ఊహలో పుట్టింది ఏదో తేల్చుకోవాలంటే ధరల పట్టిక కన్నా టంకశాల చరిత్ర ఎక్కువ అక్కరకొస్తుంది. ఆ చరిత్ర చదువుకోవడానికి చిట్కుల్ చుట్టుపక్కల ప్రాంతం కన్నా అనువైన చోటు తెలుగునేల మీద అరుదు. పడమటికి వెళితే సంగారెడ్డి అవతల కొండాపూర్‌లో శాతవాహనుల కాలం నాటి నాణేల తయారీ ఆనవాళ్లున్నాయి. తూర్పుకు వెళితే హైదరాబాద్‌లో నిజాం టంకశాల, దాని వారసురాలిగా చర్లపల్లిలో ఇవాళ్టి భారత ప్రభుత్వ టంకశాల ఉన్నాయి. మధ్యలో దాదాపు రెండు వేల ఏళ్ల పనితనం ఉంది.

కొండాపూర్ దిబ్బను 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వించింది. ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ ఆధ్వర్యంలో సాగిన ఆ తవ్వకాల్లో కట్టడాలు, మట్టిబొమ్మలు, పూసలతో పాటు శాతవాహన నాణేలు పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమలోహం, కొద్దిగా వెండి. నాణేలు పోతపోయడానికి వాడిన మట్టి అచ్చులు కూడా దొరకడంతో ఇక్కడ తయారీ జరిగిందని పండితులు నిర్ధారణకు వచ్చారు. ఇప్పుడు అక్కడే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది.

ఆ మ్యూజియం అద్దాల పెట్టెల్లో ఉన్న నాణేలను ఇవాళ్టి కొలతలతో చూస్తే ప్రతిదీ 'ఎర్రరే'. ఏనుగు ఉంటుంది, దాని తొండం బిళ్ల అవతలికి పోయి ఉంటుంది. రాజు పేరులో మధ్య నాలుగక్షరాలు పడి, మొదలూ చివరా కనిపించవు. వెనకవైపు నాలుగు వలయాల ఉజ్జయిని గుర్తు ఒక మూలకు జరిగిపోయి ఉంటుంది. బిళ్ల గుండ్రంగా ఉండదు, రెండు బిళ్లల మందం ఒకటిగా ఉండదు. ఇందులో ఒక్కటీ పొరపాటు కింద లెక్కకు రాదు. లోహపు ముద్దను కింది అచ్చు మీద పెట్టి, పై అచ్చు ఆనించి, సుత్తితో కొట్టే పద్ధతిలో బొమ్మ నట్టనడుమ పడాలన్న నియమమే లేదు. అచ్చు బిళ్ల కన్నా పెద్దదైతే బొమ్మలో కొంత బయటే మిగిలిపోతుంది. పోతపోసినదైతే అంచు దగ్గర లోహం పారిన కాడ తాలూకు ముక్క మిగిలి ఉంటుంది. అప్పటి వ్యాపారికి కావలసింది లోహం, తూకం, గుర్తుపట్టగలిగిన ముద్ర. అంతవరకు ఉంటే నాణెం సరైనదే.

కాబట్టి శాతవాహన నాణేన్ని 'ఆఫ్ సెంటర్ ఎర్రర్' అని ఎక్కువ ధరకు అమ్మజూపేవాడికి ఆ పద్ధతి తెలియకపోయి ఉండాలి, లేదా కొనేవాడికి తెలియదని అతనికి తెలిసి ఉండాలి. పాత దిబ్బల పక్క ఊళ్లలో వానలు పడ్డాక చేలల్లో తేలే నాణేల గురించి మరో మాట. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దొరికిన పాత నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. కొత్త సేకర్త జేబులో వేసుకోవలసిన సరుకు కాదది.

హైదరాబాద్ రాజ్యంలో కూడా పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా సుత్తి రాజ్యమే నడిచింది. మూడో నిజాం సికందర్ జా 1803లో సుల్తాన్‌షాహీలో రాజ టంకశాల పెట్టించాడు. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల కూడా నాణేలు పడేవి. ఈ 'సిక్కా' రూపాయలు బొద్దుగా, మందంగా ఉంటాయి. చుట్టూ ఉండవలసిన పారశీ రాతలో పావు వంతు కనిపిస్తే గొప్ప. తేదీలో రెండంకెలు లేకపోవడం మామూలు. ఇలాంటి నాణేల విషయంలో సేకర్తల లోకం లెక్క తిరగబడుతుంది. రాతంతా, తేదీతో సహా, పూర్తిగా పడిన నాణెమే ఇక్కడ అరుదైనది, దానికే విలువ ఎక్కువ. సగం రాత ఉన్నదాన్ని ఎర్రర్ అనుకుని దాచుకున్నవాడు మామూలు నాణేన్నే దాచుకున్నట్టు.

1895లో ఐరోపా నుంచి యంత్రాలు వచ్చాయి. యంత్రం మీద పడ్డ ఆ నాణేలకు 'చర్ఖీ' అని పేరు వచ్చింది. 1903లో టంకశాల సైఫాబాద్‌లో కొత్త భవనంలోకి మారింది. నాణేల తప్పుల చరిత్రలో అసలు మలుపు ఇదే. యంత్రంతో పాటు 'కాలర్' వచ్చింది. అంటే బిళ్ల చుట్టూ బిగుతుగా ఉండే ఉక్కు కడియం. పై డై దిగి కొట్టినప్పుడు లోహం నాలుగు దిక్కులా పారకుండా ఈ కడియం ఆపుతుంది, అంచు మీద పళ్లు కూడా అదే వేస్తుంది. ఇక ప్రతి నాణెం ఒకే కొలత, ఒకే గుండ్రం, బొమ్మ నడుమనే. లక్ష నాణేలు ఒక్కలా ఉన్నప్పుడే లక్షా ఒకటోది వేరుగా ఉందని చెప్పగలం. సుత్తి కాలంలో లేని 'తప్పు' అనే వర్గం కాలర్‌తో పుట్టింది.

ఆ యంత్రం చేసే పనిని నాలుగు మెట్లుగా గుర్తుపెట్టుకుంటే చాలు. రేకు నుంచి బిళ్లలు కోయడం, బిళ్ల అంచును నొక్కి గట్టులా లేపడం, కాల్చి మెత్తబరిచి కడగడం, చివరగా రెండు డైల మధ్య కాలర్‌లో పెట్టి ముద్ర కొట్టడం. నిజమైన ప్రతి ఎర్రర్ ఈ నాలుగింటిలోనో, డై తయారీలోనో ఏదో ఒక చోట పుట్టి తీరాలి. ఎక్కడ పుట్టిందో చెప్పలేని వింత ఏదైనా సరే, టంకశాల గుమ్మం దాటాక జరిగిందని ముందుగా అనుమానించాలి.

మొదటి మెట్టునే తీసుకుంటే, సేకర్తలు 'కట్ ఎర్రర్' అనేది అక్కడిదే. రేకు చాలినంత ముందుకు జరగకపోతే పంచ్ వచ్చి అంతకుముందు కోసిన రంధ్రం మీద కొంత పడుతుంది. కొత్త బిళ్లలో నెలవంక ముక్క పోతుంది. ప్రెస్ ఆపరేటర్ ఒక్క చూపుతో చెప్పింది ఇదే. రేకు చివరి అంచు మీద పడితే కోత తిన్నగా ఉంటుంది. దీన్ని నకలు చేయడం చాలా తేలిక, ఆకురాయి ఉంటే చాలు. అందుకే ఇక్కడ నిదానంగా చూడాలి. అసలు కోత వంపు ఆ నాణెం వంపుకే సరిపోతుంది, ఎందుకంటే రెండింటినీ కోసింది ఒకే పంచ్. కోత దగ్గరున్న అక్షరాలు కొంచెం సాగి, సన్నబడి కోత వైపు జారినట్టుంటాయి. ముద్ర పడే క్షణంలో లోహం ఆ ఖాళీ వైపు పారుతుంది కనుక. ఆకురాయితో కోసినదాంట్లో అక్షరం చక్కగా ఉండి హఠాత్తుగా తెగిపోతుంది.

అన్నింటికన్నా గట్టి సాక్ష్యం కోతకు ఎదురుగా ఉంటుంది. రెండో మెట్టులో బిళ్ల అంచును గట్టులా లేపే యంత్రం రెండు వైపుల నుంచి నొక్కుతుంది. ఒక వైపు కోత దగ్గర ఖాళీ ఉంటే ఎదుటి వైపు కూడా ఒత్తిడి అందదు. దాంతో కోతకు సరిగ్గా ఎదురుగా నాణెం గట్టు పలచబడిపోతుంది. ప్రపంచంలోని సేకర్తలు దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. అన్ని అసలు కోతల్లోనూ ఇది స్పష్టంగా కనిపించకపోవచ్చు. కనిపించిందంటే మాత్రం బిళ్ల కోత టంకశాలలోదే. ఆకురాయి పట్టుకున్నవాడి ధ్యాసంతా కోసే చోటే ఉంటుంది, ఎదుటి గట్టును పట్టించుకోడు.

మన సేకర్తలు 'లఖీ' అని పిలిచే ఎర్రర్ ఇంకా అందమైనది. ఇంగ్లిష్‌లో బ్రోకేజ్. ముద్ర పడ్డ నాణెం కింద పడకుండా డైకి అతుక్కుపోతుంది. ఈలోగా తర్వాతి బిళ్ల వచ్చేస్తుంది. దానికి ఒక వైపు డై ముద్ర మామూలుగా పడుతుంది. రెండో వైపు అతుక్కున్న నాణెమే డైగా మారి, తన బొమ్మను లోతుగా, అద్దంలో చూసినట్టు తిరగేసి దించుతుంది. ఫలితంగా ఒకే బొమ్మ ఒక వైపు ఉబ్బెత్తుగా, మరో వైపు గుంటగా కనిపిస్తుంది. నిజాం కాలపు చార్మినార్ నాణెంలో ఇది జరిగితే కట్టడాన్ని చూసి పోల్చుకోవడం కష్టం, చార్మినార్ తిరగేసినా చార్మినార్ లాగే ఉంటుంది. చుట్టూ ఉన్న పారశీ అక్షరాలు చూడాలి, అవి ఎదురు దిక్కుకు తిరిగి ఉంటాయి. అతుక్కున్న నాణెం రెండు మూడు దెబ్బలు తిన్నదంటే సాగి వెడల్పవుతుంది. అప్పుడు దాని గుంట ముద్ర కూడా పెద్దదై, మసకబారుతుంది. అలా మసక ముద్ర పడ్డ నాణేన్ని చూసి అది ఎన్నో దెబ్బకు పడిందో అనుభవజ్ఞులు అంచనా కడతారు.

లఖీకి నకలు బెంచ్ వైస్‌లో తయారవుతుంది. రెండు నాణేలను ముఖాముఖి పెట్టి వైస్‌లో బిగిస్తే ఒకదాని బొమ్మ రెండోదాని మీద గుంటగా, తిరగబడి పడుతుంది. కొత్తవాళ్లు మోసపోయేది ఇక్కడే. అయితే వైస్ బిగించినప్పుడు రెండో వైపుకు కూడా దెబ్బ తగులుతుంది. దాని అక్షరాలు చదునై, మెరుస్తూ నలిగిపోతాయి. పైగా అసలు ముద్ర పూర్తిగా చెరగదు, గుంట అక్షరాల కింద పాత అక్షరాల నీడ కనిపిస్తుంది. అసలు లఖీలో ఆ నీడ ఉండే వీలే లేదు, ఆ ముఖానికి ఎప్పుడూ డై తగల్లేదు కదా. ఈ ప్రాంతంలో ఏ వర్క్‌షాప్‌లో అడిగినా వైస్ దెబ్బ ఎలా ఉంటుందో చూపిస్తారు.

రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం అనగానే అందరికీ 1975 నాటి 'షోలే' గుర్తొస్తుంది. ఆ కోరికే ఎంతోమందిని అలాంటి నాణేల వెంట పరుగెత్తిస్తుంది. మార్కెట్‌లో దొరికేవాటిలో దాదాపు అన్నీ లేత్ పనే. ఒక నాణేన్ని లోపల గిన్నెలా తొలిచి, మరొకదాన్ని అరగదీసి అందులో కూర్చుతారు. గట్టు లోపలి అంచు వెంబడి భూతద్దం తిప్పితే సన్నని అతుకు గీత కనిపిస్తుంది. రాయి మీద వేస్తే మోగవలసినట్టు మోగదు. తూకం కూడా తప్పుతుంది.

తూకం మాట వచ్చింది కాబట్టి, కొత్త సేకర్త మొదట కొనవలసినవి గ్రాములో వందో వంతు చూపే చిన్న త్రాసు, పదిరెట్లు పెద్దది చేసే భూతద్దం. నిజాం వెండి రూపాయి 11.18 గ్రాములు, బ్రిటిష్ రూపాయి 11.66. 1992 నుంచి వచ్చిన స్టీల్ రూపాయి 4.85. అదే కాలపు అయిదు రూపాయల మందపు బిళ్ల 9 గ్రాములు. కాలర్ లేకుండా ముద్ర పడి వెడల్పైన అసలు నాణెం కూడా తూకంలో మామూలు నాణేనికి సమానంగా ఉంటుంది, అంచు మీద పళ్లు మాత్రం ఉండవు. యాసిడ్‌లో నానబెట్టి పలచన చేసినది తూకం తగ్గుతుంది, అక్షరాలన్నీ ఒకే తీరుగా కరిగినట్టుంటాయి. పిల్లలు రైలు పట్టాల మీద పెట్టి చదును చేసిన అయిదు పైసల అల్యూమినియం బిళ్లలు కూడా 'ఎర్రర్' పేరుతో అమ్మకానికి వస్తుంటాయి. వాటిని ముద్రించింది దక్షిణ మధ్య రైల్వే.

తూకం ఒక్కటే నమ్ముకున్నా చిక్కే. 2011లో నాణేల కొలతలు మారాయి. కొత్త రెండు రూపాయలు 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు, అంటే అచ్చంగా పాత రూపాయి కొలత. కొత్త రూపాయి 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు, అది 1988 నుంచి వచ్చిన స్టీల్ అర్ధరూపాయి కొలత. ఈ మార్పు తెలియనివాళ్లకు 'రూపాయి బిళ్ల మీద రెండు రూపాయల ముద్ర పడింది' అనిపిస్తుంది. వేరే బిళ్ల మీద ముద్ర పడ్డ నిజమైన నాణేలు ఉన్నాయి, అవి విలువైనవి కూడా. అయితే ఆ ఏడాది ప్రామాణిక కొలత చూశాకే ఆ మాట అనాలి.

చిల్లు నాణేలది ప్రత్యేకమైన అధ్యాయం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లోహం పొదుపు కోసం బ్రిటిష్ ప్రభుత్వం 1943 నుంచి నడుమ రంధ్రంతో పైసా వేసింది. దాన్నే మనవాళ్లు చిల్లు కాణీ అన్నారు. ఇంచుమించు అదే సమయంలో హిజ్రీ 1362 నుంచి హైదరాబాద్ టంకశాల కూడా నడుమ చిల్లుతో రెండు పైల కంచు నాణెం వేసింది. వీటిలో చిల్లు పక్కకు జరిగినవి, చిల్లే పడనివి నిజమైన ఎర్రర్లు. చిల్లును టంకంతో పూడ్చి 'చిల్లు లేనిది' అని అమ్మేవీ ఉన్నాయి. రంగు తేడా, నడుమ గుండ్రని అతుకు వాటిని పట్టిస్తాయి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది, టంకశాల వేయని చిల్లు. మెదక్, సంగారెడ్డి తండాల్లో లంబాడీ స్త్రీలు రూపాయలను, అణాలను నగలుగా కూర్చుకున్నారు. మైదాన ప్రాంతంలో కాసుల పేర్లకు పాత నాణేలు కట్టించుకున్నారు. అందుకే ఇక్కడ దొరికే నిజాం వెండి నాణేల్లో ఎన్నింటికో అంచు దగ్గర చిల్లో, కొక్కెం ఊడదీసిన టంకం మచ్చో ఉంటుంది. చేత్తో వేసిన చిల్లు ఒక పక్క లోహాన్ని బయటికి తోస్తుంది, ఆ బర్‌ను వేలితో తడిమినా తెలుస్తుంది. సేకర్తల భాషలో ఇది దెబ్బతిన్న నాణెం, ధర తగ్గుతుంది. అయినా ఒక పెళ్లికూతురి మెడలో ఉన్న జాడ అది. దాన్ని ఎర్రర్ అని పిలవడం కన్నా తండా నగ అని రాసిపెట్టుకోవడం ఆ నాణేనికి గౌరవం.

అక్షరాలు చదవడం రాకపోవడం వల్ల పుట్టే ఊహలు మరో తీరువి. హైదరాబాద్ నాణేల మీద పారశీ అంకెల్లో 92 అని ఉంటుంది. దాన్ని సంవత్సరం అనుకుని, పక్కనే ఉన్న హిజ్రీ తేదీతో పొంతన కుదరక, 'రెండు తేదీల నాణెం' దొరికిందని సంబరపడ్డవాళ్లున్నారు. అది తేదీ కాదు. అక్షరాలకు అంకెల విలువలిచ్చే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అనే పేరులోని అక్షరాల విలువ కూడితే 92 వస్తుంది. అలాగే ఆ నాణేల మీది చార్మినార్ నడిమి ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అది ఆయన పేరులోని మొదటి అక్షరం 'మీమ్'. 1911లో ఆయన పోయి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక అక్కడ 'ఐన్' వచ్చింది. హిజ్రీ 1329 నాటి తొలి నాణేల్లో ఆ ఐన్ సగం రూపంలో, అంటే పదం మొదట్లో రాసే రూపంలో ఉంది. తర్వాత పూర్తి రూపంలోకి మార్చారు. సగం ఐన్ చూసి డై విరిగిందనుకోవడం పొరపాటు. కావాలని మార్చిన డిజైన్ అది, కేటలాగుల్లో 'వెరైటీ'గా నమోదైంది. తప్పుకూ వెరైటీకీ ఉన్న ఈ గీత కొత్తవాళ్లు ముందుగా నేర్చుకోవలసినది. టంకశాల తెలిసి చేసింది వెరైటీ, తెలియక చేసింది ఎర్రర్.

బ్రిటిష్ ఇండియాలో కూడా ఇలాంటివున్నాయి. విక్టోరియా రాణి బొమ్మతో 1862 తేదీ వేసిన రూపాయలను 1874 దాకా ఆ తేదీతోనే కొడుతూ పోయారు. బొంబాయి నాణేల్లో తేదీ దగ్గర చుక్కలు ఉంటాయి. అవి డై మీద పడ్డ మరకలు కావు, ఏయే కాలానివో గుర్తించడానికి పెట్టినవి.

ఊహ ఎంత దూరం పోగలదో 1911 రూపాయి చెబుతుంది. అయిదో జార్జి మెడలోని ఆర్డర్ ఆఫ్ ది ఇండియన్ ఎంపైర్ హారం మీద చిన్న ఏనుగు చెక్కారు. తొండం పొట్టి, కాళ్లు పొట్టి. జనానికి అది పందిలా కనిపించింది. మతపరమైన అభ్యంతరాలు లేచాయి, 'పంది రూపాయి' అని పేరు పడింది. దాదాపు 94 లక్షలు కొడితే ఏడు లక్షల దాకా మాత్రమే జనంలోకి వెళ్లాయి, మిగతావి వెనక్కి తీసుకున్నారు. 1912లో ఏనుగు తొండం స్పష్టంగా కనిపించేలా డై మార్చారు. యంత్రం ఏ తప్పూ చేయలేదు. చూపు చేసిన పని ఒక ప్రభుత్వం చేత డై మార్పించింది.

నూరేళ్ల తర్వాత అదే కథ పది రూపాయల నాణేనికి ఎదురైంది. పాతవాటిలో రూపాయి గుర్తు లేదు, ఒక డిజైన్‌లో పదిహేను కిరణాలు. 2011 తర్వాతి వాటిలో రూపాయి గుర్తు, పది కిరణాలు. రెండింటిలో ఒకటి దొంగదని పుకారు లేచి, మన ఊళ్లలోనూ ఆటోవాళ్లు, కిరాణా కొట్లవాళ్లు తీసుకోవడం మానేశారు. రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలో 14 డిజైన్లు ఉన్నాయని, అన్నీ చెల్లుతాయని ప్రకటించవలసి వచ్చింది. పదిరూపాయల నాణెంలో నిజమైన ఎర్రర్ వేరే ఉంది. నడిమి బిళ్లా, చుట్టూ ఉన్న పసుపు కడియమూ ముద్ర దెబ్బతోనే ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. నడిమి బిళ్ల పక్కకు జరిగి ముద్ర పడితే బొమ్మ గీతలు రెండు లోహాల మీదుగా తెగకుండా సాగుతాయి. ఊడదీసి తిప్పి పెట్టినదాంట్లో ఆ గీతలు హద్దు దగ్గర కలవవు.

హైదరాబాద్ టంకశాలను 1950లో కేంద్రం తీసుకుంది, 1997లో తయారీ చర్లపల్లికి మారింది. తేదీ కింద అయిదు కోణాల నక్షత్రం దాని గుర్తు. ముంబైది వజ్రం, నోయిడాది చుక్క, కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు. నక్షత్రం చోట గ్రీజు నిండితే డై గుంట పూడిపోయి నక్షత్రం మసకగా పడుతుంది, ఒక్కోసారి పూర్తిగా మాయమవుతుంది. అలాంటిదాన్ని కోల్‌కతా నాణెంగా పొరబడేవాళ్లు కొందరు, 'నక్షత్రం లేని హైదరాబాద్' అని ఎక్కువ ధర చెప్పేవాళ్లు కొందరు. నాణెం తయారీ శైలి, అంకెల ఆకారం రెండు టంకశాలలవీ పక్కపక్కన పెట్టి పోల్చాకే ఏదైనా తేలుతుంది, తేలినా దానికి దక్కే విలువ స్వల్పం. ఇక 1985లో, 1990ల చివర్లో చిల్లర కొరత తీర్చడానికి విదేశీ టంకశాలల్లో కూడా మన నాణేలు కొట్టించారు. బర్మింగ్‌హామ్ 'హెచ్', మెక్సికో 'ఎమ్ మీద చిన్న ఓ', మాస్కో 'ఎమ్‌ఎమ్‌డి' అనే గుర్తులు వాటి మీదుంటాయి. ఈ అక్షరాలు చూసి తప్పు ముద్ర అనుకోకూడదు.

జంట అక్షరాల నాణేలు అన్నింటికన్నా ఎక్కువమందిని తికమక పెడతాయి. అమెరికాలో 1955 నాటి లింకన్ సెంట్ లోకప్రసిద్ధం. డై తయారీలోనే అక్షరాలు రెండుసార్లు, కొంచెం జరిగి పడటంతో దానితో కొట్టిన వేల నాణేల మీద రాత రెండుగా కనిపిస్తుంది. రెండు అక్షరాలూ నిండుగా, గుండ్రంగా, మధ్యలో చీలికతో ఉంటాయి. మన చేతికొచ్చే రూపాయల్లో కనిపించేది చాలావరకు ఇది కాదు. ముద్ర కొట్టాక డై కొంచెం కదిలి అక్షరం పక్కను రాసుకుపోవడం. అప్పుడు అసలు అక్షరం సన్నబడుతుంది, పక్కన చదునైన మెట్టు లాంటిది ఏర్పడుతుంది. డై వదులైన ప్రెస్‌లో ఇది మామూలు సంగతి, విలువ లేదు.

ఇవన్నీ తెలియనివాళ్ల మీదనే ఫోన్‌లో వచ్చే 'ఈ నాణెం మీ దగ్గరుంటే అయిదు లక్షలు' ప్రకటనలు బతుకుతున్నాయి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేలు ఆ జాబితాలో తరచూ ఉంటాయి. అవి స్మారక నాణేలు, పెద్ద సంఖ్యలో వేసినవి. కమిషన్, పన్ను పేరుతో ముందుగా డబ్బు గుంజే ముఠాలు తన పేరే వాడుకుంటున్నాయని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో హెచ్చరించింది. నకిలీ ఎర్రర్లు తయారుచేసేవాళ్లకు కూడా చట్టం ఒకటుంది. 2011 నాణేల చట్టం ప్రకారం చెలామణీలో ఉన్న నాణేన్ని కరిగించడం, ధ్వంసం చేయడం శిక్షార్హం.

సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు. నాణేలతో పాటు టంకశాలలో వాడిన పాత పరికరాలు, యంత్రాలు కూడా అక్కడున్నాయి. పోగుచేయడం మొదలుపెట్టినవాళ్లు అక్కడ నాణేల పెట్టెల కన్నా ముందు యంత్రాల దగ్గర ఎక్కువసేపు నిలబడితే మంచిది. పటాన్‌చెరు ప్రెస్ షాపులో పనిచేసే స్నేహితుణ్ని వెంట తీసుకెళితే ఇంకా మంచిది. ఏ భాగం వదులైతే ఏమవుతుందో పక్కన నిలబడి చెబుతాడు.